చీటీకి చివరి పాఠకుడు

యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం

యల్లాప్రగడ సుబ్బారావు పేరిట జరిగే సభకు వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సులు, విద్యార్థులు రావడం సహజం. వారితో పాటు ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవారు, ఇంట్లో పెద్దలకు మందులు అందిస్తున్నవారు కూడా ఈ సభలో ఉన్నారు. ఈ ఉపన్యాసం ముఖ్యంగా వీరి అనుభవం గురించి. రాసిన మందు ఒకటైతే చేతికొచ్చిన మందు ఇంకొకటి కావడం, సరైన మందే తప్పు వేళకో తప్పు లెక్కకో ఒంట్లోకి పోవడం, ఆ తరువాత ఆ మనిషి పడిన అవస్థ, అతను చెప్పిన మాట ఎంతమంది విన్నారన్నది ఇందులోని విషయం. సుబ్బారావు స్మృతికీ దీనికీ ఉన్న సంబంధం సభామర్యాద కోసం కల్పించినది కాదు. ఆయన పరిశోధన నుంచి వచ్చిన మందుల్లో ఒకటి మందు పొరపాట్ల చరిత్రలో పదేపదే కనిపిస్తుంది. దాని పేరు మెథోట్రెక్సేట్.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరిన సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలల్లో అడుగుపెట్టారు. యౌవనంలోనే ఆయన సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టనబెట్టుకుంది. నాలుక మండడం, నోరు పూయడం, విరేచనాలు, రక్తహీనత దాని లక్షణాలు. ఆ రోగానికి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసే పని లెడర్లీలో ఆయన నాయకత్వంలోనే నెరవేరింది. ఆ ఆమ్లం పని చెయ్యకుండా అడ్డుపడే పదార్థాలనూ అక్కడే రూపొందించారు. వాటిలో ఎమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరుతో ఉన్న పిల్లలకు ఇచ్చారు. పదహారు మందిలో పది మందికి రోగం కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఎమినోప్టెరిన్ స్థానంలోకి తరువాత వచ్చిన దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించేది ఒక్కటే. మందుచీటీ ఒక వాక్యం. రాసేవారు, చదివి మందు తీసిచ్చేవారు అందుకు చదువుకున్నవారు. చివర చదివి అమలు చేసేది మాత్రం రోగి. ఆ చివరి పాఠకుణ్ణి తలచుకోకుండా రాసిన వాక్యంలోనే చాలా పొరపాట్లకు మూలం ఉంది. పొరపాటు జరిగిందని ముందుగా తెలిసేది కూడా ఆ పాఠకుడికే. అతని మాట మాత్రం అందరికన్నా చివర చెవికెక్కుతుంది.

సుబ్బారావు మద్రాసులో చదువుకునే నాటికి చీటీకి ఇంత దూరప్రయాణం లేదు. వైద్యుడు రాసింది పక్కగదిలోని కాంపౌండరుకు చేరేది. అతను మిక్స్చర్ కలిపి, సీసాకు ఒక కాగితపు పట్టీ అంటించి, దాని అంచున గాట్లు పెట్టేవాడు. ఒక గాటు నుంచి ఇంకో గాటు దాకా ఒక మోతాదు. అక్షరం రాని రోగి కూడా సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, ఎంత తాగాడో ఎంత మిగిలిందో చెప్పగలిగేవాడు. ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు. కలిపే చేతిలో తప్పు జరిగితే పట్టుకునేవారే ఉండేవారు కారు. కానీ రోగి చదవవలసిన భాగం రోగి చదవగలిగినట్టే ఉండేది. ఫ్యాక్టరీలో చేసిన మాత్రలు, అల్యూమినియం రేకుల షీట్లు వచ్చాక ఆ పట్టీ పోయింది. 1940 నాటి ఔషధ చట్టం, 1945 నాటి నియమాలు, 1948 నాటి ఫార్మసీ చట్టం మందు నాణ్యతకూ అమ్మే చోటుకూ కట్టుబాట్లు తెచ్చాయి. గాట్లు పెట్టిన ఆ కాగితానికి బదులుగా రోగి చేతికి ఏమివ్వాలో మాత్రం ఎవరూ తేల్చలేదు.

నేటి చీటీలో మూడు భాషలు కలిసి ఉంటాయి. మందు పేరు ఇంగ్లీషులో. ఎన్నిసార్లన్నది లాటిన్ పొడి అక్షరాల్లో: ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్, ఎస్ఓఎస్. నోటితో చెప్పేది తెలుగులో. ఓడీ అంటే రోజుకొకసారి అని మామూలు వైద్యుడి లెక్క. కంటి వైద్యుడికి అవే రెండక్షరాలు కుడికన్ను. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే వేసుకోమని. ఆ మూడక్షరాలు కనపడ్డ నొప్పి మాత్రను క్రమం తప్పకుండా మూడు పూటలా వేసుకునేవారు ఉన్నారు. ఈ పొడి అక్షరాలకు ప్రత్యామ్నాయంగా మన దేశంలో 1-0-1 అనే అంకెల పద్ధతి స్థిరపడింది. అది కొంత మేలే. అయితే అందులో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఉన్నాయి గానీ వారం లేదు. వారానికొకసారి వేసుకోవలసిన మందుకు ఆ అంకెల్లో చోటే లేదు.

తెలుగు మాటలో ఇంకో చిక్కుంది. ‘ఒక వారం వేసుకోండి’ అంటే ఏడు రోజుల పాటు రోజూ అని. ‘వారానికి వేసుకోండి’ అంటే వినేవారిని బట్టి అర్థం. ‘వారానికోసారి’ అన్నప్పుడే సందేహం తీరుతుంది. గదిలో రద్దీ ఉన్నప్పుడు తెగిపోయేది ఆ చివరి ‘సారి’యే. పూట అన్న మాట సంగతీ అంతే. రెండు పూటలే అన్నం తినే ఇంట్లో మూడు పూటలా వేసుకోమన్న మాత్రకు మూడో పూట ఎక్కడిది? పరగడుపున వేసుకోమన్న మాత్రను కాఫీతో వేసుకున్నవారికి కాఫీ తాగినా కడుపు ఖాళీయే. ఇవి రోగి అజ్ఞానం కింద జమకట్టే సంగతులు కావు. వాక్యం రాసినవారి లెక్కలో ఆ ఇంటి రోజు లేదు.

మెథోట్రెక్సేట్ విషయంలో ఈ లోపం ఎంత దూరం పోతుందో చూడవచ్చు. కేన్సరులో పెద్ద మోతాదుల్లో వాడే ఈ మందు తక్కువ మోతాదులో రుమటాయిడ్ కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు పనిచేస్తుంది. ఈ దారి ఉందని 1951లోనే గమనించారు. కీళ్లవాతానికి వాడడానికి అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఈ జబ్బుల్లో మోతాదు వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు, సాధారణంగా ఒకే రోజు. వేగంగా విభజన చెందే కణాల మీద మందు పనిచేస్తుంది కాబట్టి ఎముకల మజ్జ, నోటి పొర, పేగుల పొర కూడా దాని దెబ్బ తింటాయి. అవి కోలుకోవడానికే మధ్యలో ఆరు రోజుల విరామం. ఆ విరామం తీసేసి అదే మాత్రను రోజూ వేసుకుంటే కొద్ది రోజుల్లోనే అది విషమవుతుంది. వయసు మళ్లినవారిలో, మూత్రపిండాలు మందగించినవారిలో ఇంకా ముందే.

ఒక ఇంటిని దగ్గరగా చూస్తే పొరపాటు ఎలా జరుగుతుందో తెలుస్తుంది. అరవై దాటిన స్త్రీ, వేళ్ల కణుపులు వాచి చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం కూడా కష్టమైన మనిషి. బీపీ బిళ్ళ, షుగర్ బిళ్ళ ముందునుంచే ఉన్నాయి. వాటికి తోడు ఇప్పుడు మెథోట్రెక్సేట్, దాని దుష్ప్రభావం తగ్గించడానికి ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు తయారుచేయించిన విటమినూ, దానికి ఆయన కనిపెట్టించిన విరోధీ ఒకే కవరులో పక్కపక్కన ఉన్నాయన్నమాట. కొన్ని బ్రాండ్లలో రెండూ పసుపుపచ్చని చిన్న బిళ్ళలే. షాపులో షీటును కత్తెరతో కోసి ఇస్తే మందు పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద పోతాయి. కవరు మీద పెన్నుతో ‘1’ అని రాసి ఉంటుంది. అది రోజుకు ఒకటా, వారానికి ఒకటా అని ఆ అంకె చెప్పదు. మిగిలిన మందులన్నీ రోజువారీవే కాబట్టి ఇదీ రోజువారీదే అయిపోతుంది. వారానికి ఒక్క మాత్ర చొప్పున పది మాత్రల షీటు పది వారాలు రావాలి. పదకొండో రోజున ఆ ఇంటివారు రెండో షీటుకు షాపుకొస్తే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి ప్రమాదం కళ్లెదుట నిలబడ్డట్టే. అడగాలని తెలిసినవారు అక్కడ ఉండాలి, అంతే.

ఆ రోగికి మొదట కనపడే లక్షణం నోటిపూత. తెలుగు ఇళ్లలో నోటిపూతకు తయారుగా ఒక వివరణ ఉంది: వేడి చేసింది. మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు, షాపు నుంచి బీకాంప్లెక్స్ తెస్తారు. మాత్ర మాత్రం మానరు, అది పెద్ద డాక్టరు రాసిన మందు గనుక. నాలుగు రోజులు పోయాక గొంతు మంట, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తాయి. రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఉంది. అది ఎంత త్వరగా అందితే అంత ఫలితం. ‘నోరు పూసింది’ అన్న రోగి మాట మొదటి రోజునే వైద్యపరమైన వార్తగా చేరి ఉంటే ఆ విరుగుడుకు కావలసిన వ్యవధి దొరికేది. స్ప్రూ రోగి నోటికి ఫోలిక్ ఆమ్లం చాలకపోవడం వల్ల ఏమవుతుందో, ఈ రోగి నోటికి ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకోవడం వల్ల అదే అవుతుంది. సుబ్బారావుకు ఈ లక్షణాన్ని పరిచయం చెయ్యనక్కరలేదు.

ఇది తెలుగునాటికే పరిమితమని అనుకోరాదు. 2000లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్‌లో మెథోట్రెక్సేట్ పొరపాటు వల్ల ఒక రోగి చనిపోతే దాని మీద బహిరంగ నివేదిక వెలువడింది. ఆ తరువాత అక్కడి రోగి భద్రతా సంస్థ పదేళ్ల ఘటనలు పరిశీలించి, ఈ ఒక్క మందు వల్ల 25 మరణాలు, 26 తీవ్రహానులు లెక్కించింది. అదీ చదువుకున్న దేశంలో, ఉచిత వైద్యం ఉన్న దేశంలో. అమెరికాలో వారం పేరు చీటీ మీద రాయమన్నప్పుడు ఇంకో వింత బయటపడింది. ‘మండే’ అని రాస్తే ‘మార్నింగ్’ అని చదువుకుని రోజూ పొద్దున్నే వేసుకున్నారు. అందుకని సోమవారం కాకుండా ఇంకో రోజు ఎంచుకోమని అక్కడి మందుల భద్రతా నిపుణులు సూచించారు. తెలుగులో ఆ గందరగోళం లేదు. ‘శనివారం’ అని రాస్తే ‘పొద్దున’ అని ఎవరూ చదవరు. పైగా శనివారం ఒక్కపొద్దు ఉండేవారు, గురువారం గుడికి పోయేవారు ఏళ్ల తరబడి ఆ వారం తప్పకుండా పాటించే సమాజమిది. ఆ జ్ఞాపకశక్తికి మాత్రను ముడిపెట్టడం వైద్యులకు ఎంతో సులువు, చీటీ తెలుగులో ఉంటే.

ఉపవాసానికి రెండో ముఖమూ ఉంది. గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మాత్ర తిన్నా తినకపోయినా చక్కెరను దించుతూనే ఉంటుంది. ఒక్కపొద్దు నాడు మాత్ర వేసుకుని అన్నం మానితే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. రంజాన్ నెలలోనూ ఇంతే. దీక్షలు, ఉపవాసాలు ఉన్నాయా అన్న ప్రశ్న చీటీ రాసే ముందు అడగవలసిన వాటిలో ఉండాలి.

చివరి పాఠకుడి మాట వినకపోవడం వల్ల ఏమవుతుందో చెప్పడానికి బోస్టన్ చరిత్రలోనే ఒక ఉదంతం ఉంది. సిడ్నీ ఫార్బర్ పేరు మోస్తున్న డేనా-ఫార్బర్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో 1994 డిసెంబరు 3న బెట్సీ లేమన్ చనిపోయారు. బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్య విషయాలు రాసే జర్నలిస్టు, వయసు 39. నాలుగు రోజులకు కలిపి ఇవ్వవలసిన సైక్లోఫాస్ఫమైడ్ మొత్తాన్ని రోజుకొకసారి చొప్పున నాలుగు రోజులూ ఇచ్చారు. ఇక్కడ కూడా తప్పింది కాలం లెక్కే. మందు సరైనదే, మనిషి సరైన మనిషే, ‘నాలుగు రోజులకు’ అన్న మాట ‘రోజుకు’ అయింది. డాక్టర్లు, ఫార్మసిస్టులు, నర్సులు దాటి వచ్చిన ఆ లెక్కను ఎవరూ ఆపలేదు. తనకేదో తేడాగా ఉందని, భయంగా ఉందని ఆమె చెప్పుకున్నారు. ఆ మాట చికిత్స వల్ల సహజంగా కలిగే బాధల్లో కలిసిపోయింది. సుమారు రెండు నెలల తరువాత పరిశోధన రికార్డులు సర్దుతున్న ఒక గుమాస్తా కంట ఆ అంకె పడింది. రోగి శరీరం చెప్పిన సంగతి కన్నా కాగితం చెప్పిన సంగతికే విశ్వాసం దక్కింది. ఆ తరువాత ఆ సంస్థ రోగుల, కుటుంబాల సలహా సంఘాలు పెట్టుకుంది. మసాచుసెట్స్ రాష్ట్రం ఆమె పేరిట రోగి భద్రతా కేంద్రం స్థాపించింది.

మన దేశంలో న్యాయస్థానాల దాకా వెళ్లిన ఒక కేసులోనూ తప్పింది కాలమే. ఒంట్లో నిదానంగా కరిగి రోజుల తరబడి పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ డెపోమెడ్రాల్. 1998లో కోల్‌కతాలో చర్మవ్యాధితో వచ్చిన అనూరాధా సాహాకు దాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున రాశారు. ఆమె చనిపోయారు. సుప్రీంకోర్టు 2009లో నిర్లక్ష్యం జరిగిందని తేల్చింది. 2013 అక్టోబరులో పరిహారాన్ని 5.96 కోట్ల రూపాయలుగా, దానిమీద వడ్డీతో, నిర్ణయించింది. పదిహేనేళ్లు పోరాడగలిగిన భర్త వైద్యుడు కావడం, ఆ చీటీని వైద్యుడిగా చదవగలగడం ఈ కేసులో గమనించవలసిన సంగతి. అలా చదవగలవారు లేని ఇళ్లలో ఇటువంటి మరణం ‘ఆయుర్దాయం అంతే’ అన్న మాటతో ముగిసిపోతుంది.

కాలం తరువాత పొరపాట్లకు చోటిచ్చేది పేరు. 1990లో అమెరికాలో ‘లోసెక్’ అనే కడుపు మంట మందు పేరును ‘ప్రైలోసెక్’గా మార్చవలసి వచ్చింది, దాన్ని ‘లేసిక్స్’ అనే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందుగా పొరబడుతున్నారని. టెక్సస్‌లో ‘ఐసార్డిల్’ అని రాసింది షాపులో ‘ప్లెండిల్’ అయి గుండెజబ్బు రోగి చనిపోతే, రాసిన వైద్యుడూ ఇచ్చిన షాపూ సమానంగా బాధ్యులని 1999లో జ్యూరీ చెప్పింది. మన సుప్రీంకోర్టు 2001లో కాడిలా కేసులో ఇదే ప్రశ్నను ఎదుర్కొంది. ‘ఫాల్సిగో’, ‘ఫాల్సిటాబ్’ రెండూ మెదడు మలేరియాకే, కానీ లోపలి మందులు వేరు. ఇతర సరుకుల పేర్ల పోలికను చూసే కంటితో మందుల పేర్లను చూడరాదని, ఇన్ని భాషలున్న దేశంలో గందరగోళానికి అవకాశం ఇంకా ఎక్కువని కోర్టు అభిప్రాయపడింది. చేతిరాత విషయమై నల్లగొండకు చెందిన ఒక ఫార్మసిస్టు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2016లో మెడికల్ కౌన్సిల్ నియమాన్ని సవరించి, మందు జెనరిక్ పేరును స్పష్టంగా, వీలైతే పెద్దబడి అక్షరాల్లో రాయమంది. చదవగలిగే చీటీ జీవించే హక్కులో భాగమని 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు ప్రకటించింది. ఇవన్నీ మంచివే. అయితే ఇవి చీటీని షాపువాడు చదవగలగడానికి పనికొస్తాయి. పెద్దబడి ఇంగ్లీషు అక్షరాలు ముసలమ్మకు ఎంత స్పష్టంగా ఉన్నా ఇంగ్లీషే.

విదేశాల్లోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల సంచిలో ఇంకో రకం ప్రమాదం ప్రయాణిస్తుంది. ఇక్కడి పారసిటమాల్ అమెరికాలో ఎసిటమినోఫెన్. జ్వరానికి ఇంటినుంచి తెచ్చుకున్నదీ, కొడుకు కొనిచ్చిందీ రెండూ వేసుకుంటే ఒకే మందు రెండింతలై కాలేయం మీద పడుతుంది.

కొలతల సంగతీ ఇటువంటిదే. పసిపిల్లల జ్వరానికి పారసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. అదే మందు మామూలు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125. చుక్కల మందును సిరప్ అనుకుని చెంచాతో పోస్తే బిడ్డకు నాలుగింతల మందు పోతుంది. ఇన్సులిన్ సీసాలు మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండూ ఉన్నాయి. నలభైకి ఎర్ర మూత సిరంజి, వందకు నారింజ మూత సిరంజి. వంద సీసాకు ఎర్ర మూత సిరంజి వాడితే రెండున్నర రెట్ల ఇన్సులిన్ ఎక్కుతుంది. ఈ రంగుల తేడా తెలియని కుటుంబం తప్పు చేసిందనడం న్యాయం కాదు. ఆ రంగుల అర్థం వారికి విప్పి చెప్పవలసినవారు ఎక్కడున్నారన్నది అడగవలసిన ప్రశ్న.

జరిగిన దిద్దుబాట్లలో రోగిని పాఠకుడిగా గుర్తించినవి కొన్నే. మెథోట్రెక్సేట్ పెట్టె మీద వారానికొకసారి అన్న హెచ్చరిక ఉండాలని, చీటీ మీద ఏ వారమో రాయాలని యూరప్ ఔషధ సంస్థ 2019లో చెప్పింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వల్ల హాని తగ్గించే ఉద్యమం ప్రారంభించి, మందు మొదలుపెట్టేటప్పుడు, వాడేటప్పుడు, కొత్త మందు చేరినప్పుడు, సమీక్షించేటప్పుడు, మానేటప్పుడు రోగి అడగవలసిన ప్రశ్నలను రూపొందించింది. మన దేశంలో 2015 నాటి ఫార్మసీ నియమాలు మందు ఇచ్చేటప్పుడు రోగికి వివరించడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు బాధ్యత అన్నాయి. గోడకు తగిలించిన సర్టిఫికెట్టులోని మనిషి, కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి ఒకరే అయినచోట ఆ నియమం పనిచేస్తుంది. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. అందులో తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఎప్పుడు ఎన్ని వేసుకోవాలో ఉండదు. నకిలీ మందును పట్టుకోవడానికి అది ఉపయోగం. అసలు మందును తప్పుగా వాడడాన్ని అది ఆపలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. కంప్యూటరులో చీటీ ముద్రించే ప్రతి ఆసుపత్రీ అదే కాగితం మీద ఒక తెలుగు వాక్యం చేర్చగలదు: ‘మెథోట్రెక్సేట్ 7.5 – వారం మొత్తానికి ఒకే మాత్ర, ప్రతి శనివారం రాత్రి భోజనం తరువాత. మిగిలిన ఆరు రోజులు వేసుకోకూడదు. నోరు పూస్తే మాత్ర ఆపి వెంటనే రావాలి.’ కాంపౌండరు కాగితపు పట్టీ మీద గాట్లు పెట్టి చెప్పింది ఇంతకన్నా తక్కువేమీ కాదు.

పొరపాటును చెప్పుకోవడానికి రోగికి దారి ఒకటి ఇప్పటికే ఉంది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. దాని కేంద్రం ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది. డాక్టరు సంతకం లేకుండా రోగి గానీ ఇంటివారు గానీ నింపి పంపగల ఫారం తెలుగులో కూడా దొరుకుతుంది. ఉచితంగా ఫోను చేసి చెప్పడానికి నంబరు 1800-180-3024.